దుబాయ్ జులైలో ఊలు స్వెట్టర్

దుబాయ్‌లో స్వెట్టర్ల సీజను ఆగస్టు చివర మొదలవుతుంది. ఏసీ కారులోంచి కాలు బయట పెట్టగానే కళ్ళజోడుకు ఆవిరి పట్టి దారి కనబడని రోజులవి. అప్పుడే మాల్‌లో అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మలకు మెడ దాకా ఊలు తొడుగుతారు. ఆ బొమ్మల ముందు నిలబడి, వీపుకు అంటుకుపోయిన కుర్తాను వేళ్ళతో విడదీసుకుంటూ, "ఈ ఏడు మళ్ళీ పొడుగువి వచ్చాయే" అనుకునే ఆడవాళ్ళలో నేనూ ఉండేదాన్ని.

నేను చెబుతున్నది రెండువేల పన్నెండు, పదమూడు ప్రాంతం సంగతి. అంతకు ముందు గబ్బిలం రెక్కల్లాంటి చేతులున్న స్వెట్టర్లు వచ్చి వెళ్ళాయి. ఆ తర్వాత ముందువైపు బొత్తాలే లేకుండా, రెండు అంచులూ అలలు అలలుగా మోకాళ్ళ దాకా జారే కార్డిగన్లు వచ్చాయి. వాటి పక్కనే, అదే దుకాణంలో, పక్కటెముకల దగ్గర ఆగిపోయే పొట్టి ష్రగ్గులు కూడా వేలాడేవి. మోకాళ్ళ దాకా ఉన్నదీ ఫ్యాషనే, సగంలో ఆగిపోయిందీ ఫ్యాషనే. దీనికి కారణం ఏమిటో నేను చాలా పుస్తకాల్లో వెతికాను కానీ దొరకలేదు. మనవాళ్ళకు వీటితో పాటు ఇంకో చిక్కు ఉండేది. చున్నీ కార్డిగన్ లోపల వేసుకోవాలా, పైన వేసుకోవాలా అన్న విషయం మీద మా బిల్డింగ్ లిఫ్టులో రెండు పార్టీలు ఉండేవి.

ఎడారిలో ఊలు ఎందుకని అడిగేవాళ్ళు అక్కడి ఆఫీసుల్లో పని చేసి ఉండరు. నేను చేశాను, అదీ ఏసీ డక్టులు తయారుచేసే కంపెనీలో.

దాని గురించి చెప్పే ముందు నా చదువు సంగతి చెప్పాలి. కాలేజీలో నేను చదివింది ఇంటర్ దాకానే. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. అక్కడి లైబ్రేరియన్ గారు తాళాలు వెతుక్కోవడానికి బద్ధకించి వారానికి ఒక్క బీరువా మాత్రమే తెరిచేవారు. ఏ బీరువా తెరిస్తే ఆ వారం నేను అదే చదివేదాన్ని. అందువల్ల నాకు తేనెటీగల పెంపకం, జలాంతర్గాములు, కుష్ఠు నివారణ, మొగలుల వంటలు, అన్నీ కొంచెం కొంచెం తెలుసు. పెళ్ళయి దుబాయ్ వచ్చిన మొదటి వారంలోనే, ఇక్కడ లైబ్రరీ ఎక్కడుందండీ అని మా ఆయన్ని అడిగాను.

"వచ్చినవాళ్ళంతా ముందు టవర్ చూపించమంటారు," అన్నారు ఆయన.

"టవర్‌ని ఒకసారి చూస్తే అయిపోతుందిగా."

ఆయన ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నారు గానీ లైబ్రరీ ఎక్కడుందో ఆయనకు తెలియదు. నేనే కనుక్కున్నాను. అక్కడ తెలుగు పుస్తకాలు లేవు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను.

దేరాలో మా ఇల్లు షేరింగ్ ఫ్లాటు. ఒక గదిలో మేమిద్దరం, రెండో గదిలో ఒక నర్సక్క. ఆవిడది భీమవరం వైపు. నాకంటే పదేళ్ళు పెద్ద కాబట్టి నన్ను చెల్లి అనేది, మా ఆయన్ని మరిదిగారూ అనేది. ఆసుపత్రిలో పగలంతా మెత్తగా మాట్లాడి, ఇంటికి వచ్చాక ఆ బాకీ అంతా మా మీద తీర్చుకునేది.

ఆ కంపెనీలో నాకు రిసెప్షనిస్టు ఉద్యోగం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. ఇంటర్వ్యూలో ముదీర్, అంటే మా పెద్ద మేనేజరు, డక్టు అంటే ఏమిటో తెలుసా అని అడిగాడు. గాలి గొట్టాల గురించి మా ఊరి మూడో బీరువాలో చదివింది చదివినట్టు చెప్పేశాను. ఆయన చాలాసేపు నా వైపే చూసి, యల్లా, అంటే కానివ్వు అని, అక్కడ వారం మొదలయ్యే ఆదివారం నుంచి రమ్మన్నాడు. ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. కన్ఫర్మ్ అయితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

నాకు ఆ ఉద్యోగం ఎందుకు అంత ముఖ్యమో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కంపెనీ బస్సు సాయంత్రం నన్ను దింపే చోటు సరిగ్గా లైబ్రరీ ఎదురుగా ఉండేది. ఉద్యోగం ఉంటే రోజూ గంటన్నర చదువుకోవచ్చు. ఉద్యోగం లేకపోతే మా ఆయనకు సెలవున్న శుక్రవారమే వెళ్ళాలి, శుక్రవారం లైబ్రరీకీ సెలవే. మిగతా రోజుల్లో ఆ ఎండలో నడిచి వెళ్ళే ధైర్యం నాకు లేదు. ఉద్యోగం పోతే లైబ్రరీ కూడా పోయినట్టే.

పోయేట్టే కనిపించింది. డక్టులు కొనడానికి వచ్చిన పార్టీ గుమ్మంలోనే వణకాలి అన్నది మా ముదీర్ వ్యాపార సూత్రం. అందుకని ఆఫీసులో అన్నిటికంటే పెద్ద గాలి జాలీని రిసెప్షన్ బల్ల మీద, అంటే నా నడినెత్తి మీద పెట్టించాడు. రెండో వారానికి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. రెండో నెలకు గొంతు పోయింది. ఫోనెత్తి కంపెనీ పేరు చెబితే అవతలివాళ్ళు రాంగ్ నంబరని పెట్టేసేవారు.

అమ్మ ఇచ్చిన పసుపు రంగు శాలువా కప్పుకుని వెళ్ళాను. హెచ్ఆర్ చూసే మలయాళీ మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్ళం, అది ఇద్దరిలో ఎవరిదీ కాదు కాబట్టి గొడవలు తక్కువ.

"ఏమిటిది? ఆసుపత్రి వార్డా?"

"చలి, మేడమ్."

"చలేస్తే స్వెట్టర్ వేసుకో. కానీ మెరూన్. రిసెప్షన్‌లో కంపెనీ రంగు తప్ప ఇంకోటి కనబడకూడదు. నీ గొంతు సంగతి కూడా చూసుకో. జులైలో ముదీర్ నీ కన్ఫర్మేషన్‌కి కూర్చుంటాడు. మాట్లాడలేని రిసెప్షనిస్టుని ఏ మొహం పెట్టుకుని కన్ఫర్మ్ చెయ్యమని అడగను?"

అప్పటికి మార్చి నెల. మాల్స్‌లో స్వెట్టర్లన్నీ అమ్ముడుపోయి ఈత దుస్తులు వచ్చేశాయి. మెరూన్ రంగు ఎక్కడా లేదు. అప్పుడు నాకు తట్టింది లైబ్రరీ ఉంది కదా అని. అల్లికల మీద అక్కడ ఒక అర నిండా పుస్తకాలున్నాయి. ఎడారి దేశంలో వాటిని ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో తెలియదు. నా ముందు వాటిని ఎవరూ తెరిచినట్టు లేదు. ఒక పుస్తకం అట్ట విప్పుతుంటే కొత్త తలుపులా కిర్రుమంది.

దేరాలోనే నైఫ్ అనే పాత బజారు పేటలో, ఒక సందులో బొత్తాలు, లేసులు, ఊలు ఉండలు అమ్మే చిన్న దుకాణం ఉంది. నర్సక్కను తోడు తీసుకుని వెళ్ళి మెరూన్ ఊలు, రెండు సూదులు కొన్నాను. దుకాణదారు పఠాన్, పాప పుట్టబోతోందా అని అడిగాడు.

"పాప కాదు భాయ్, ఉద్యోగం," అంది నర్సక్క. "పుట్టేట్టుంది గానీ నిలుస్తుందో లేదో."

పొడుగు కార్డిగనే అల్లాలని పట్టుబట్టాను. అల్లితే ఫ్యాషన్‌దే అల్లాలి. మూడు నెలలు అల్లాను. వంటింట్లో, కంపెనీ బస్సులో, మా ఆయన క్రికెట్ చూస్తున్నప్పుడు ఆయన పక్కన కూర్చుని. అల్లుతున్నంతసేపూ ఊలు గురించి చదివినదంతా ఆయనకు చెప్పేదాన్ని. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిశాయంటే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక చచ్చినా వదలవు. బట్ట ముడుచుకుపోతుంది. అందుకే ఊలుని చన్నీళ్ళలోనే ఉతకాలి.

"ఊఁ," అనేవారు ఆయన.

"వింటున్నారా?"

"చన్నీళ్ళు. పొలుసులు. ఊఁ."

జూన్ చివరికి స్వెట్టర్ పూర్తయింది. ఒక చెయ్యి రెండోదానికంటే బొటనవేలంత పొడుగు వచ్చింది కానీ అలలు మాత్రం చక్కగా జారాయి. అది వేసుకున్న వారానికే నా గొంతు తిరిగొచ్చింది. హెచ్ఆర్ మేడమ్ వేళ్ళతో అంచు పట్టుకుని చూసి, "చేత్తోనా? బాగుంది," అంది. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. నేను లైబ్రరీ వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

కన్ఫర్మేషన్‌ని ఒక ఆదివారానికి పెట్టారు. దానికి ముందు గురువారం, వచ్చిన అతిథికి గావా పోస్తుంటే ఆయన మోచెయ్యి తగిలి ఆ కాఫీ అంతా నా అలల మీద పడింది. కుంకుమపువ్వు, యాలకులు కలిసిన కాఫీ కాబట్టి మరక కూడా ఘుమఘుమలాడుతూ ఉంది. శుక్రవారం నింపాదిగా ఉతుక్కుందామని బుట్టలో వేశాను. అక్కడ చర్చి ప్రార్థన కూడా సెలవు రోజైన శుక్రవారమే. ఆ ఉదయం నర్సక్క చర్చి నుంచి రాగానే ఇద్దరం కూరగాయలకు వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి మా ఆయన హాల్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళయిన దగ్గరనుంచీ ఆయన చీపురు ముట్టింది లేదు. అలాంటి మనిషి ఆ ఉదయం నాకు ఆదివారం ఎంత ముఖ్యమో తలుచుకుని, నా స్వెట్టర్ ఉతికిపెట్టారు. వాషింగ్ మిషన్‌లో.

"చన్నీళ్ళే," అన్నారు నా మొహం చూసి. "నువ్వు చెప్పినట్టే. కోల్డ్ బటనే నొక్కాను. కావాలంటే చూసుకో, ఇప్పటికీ కోల్డ్ మీదే ఉంది."

కోల్డ్ మీదే ఉంది. అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ ఇక్కడివాళ్ళకు చెప్పాలి. వేసవిలో ఆ ఊళ్ళో చన్నీళ్ళ కొళాయిలో వచ్చేవి బిల్డింగ్ పైన ట్యాంకులో రోజంతా కాగిన నీళ్ళు. వేలు పెడితే చురుక్కుమంటుంది. అందుకని అందరూ మే నెలలోనే గీజర్ స్విచ్ ఆపేస్తారు. బాత్రూం నీడలో ఉన్న ఆ గీజర్‌లో నీళ్ళు కాస్త చల్లబడతాయి. ఎర్రచుక్క కొళాయి తిప్పితే చన్నీళ్ళు, నీలంచుక్క తిప్పితే వేణ్ణీళ్ళు. మా ఆయన ఎనిమిది వేసవులుగా ఎర్రచుక్క తిప్పుకుని స్నానం చేస్తున్న మనిషే. కానీ మిషన్‌కు వెళ్ళే పైపు నీలంది. ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నా పుస్తకంలోనూ లేదు, మిషన్‌కూ తెలియదు. కోల్డ్ నొక్కారు కాబట్టి అది వేణ్ణీళ్ళు తీసుకుని, సబ్బు వేసి, గంటసేపు బాదింది.

మిషన్ లోంచి బయటికి తీస్తే పదేళ్ళ పాప కోటు వచ్చింది. మందంగా, కంబళి ముక్కలా. అల్లిక వరసలు ఎక్కడున్నాయో కంటికి కనబడలేదు.

నర్సక్క దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురులో పట్టుకుని చూసింది. "మరిదిగారూ, మీరు వినరనుకున్నాను. చక్కగా విన్నారండి."

"వదినగారూ, మీరు కూడా..."

"నేనేమన్నాను. నైఫ్‌లో ఆ భాయ్ పాపకా అని అడిగాడు గుర్తుందా చెల్లీ? ముందే తెలిసినట్టుంది ఆయనకి."

నేను ఏడవలేదు. మంచు కొండల్లో ఉండేవాళ్ళు గాలి దూరకుండా ఊలుని కావాలనే ఉడకబెట్టి ఇలా చేసుకుంటారని ఎక్కడో చదివాను. ఆ మాటే పైకి చెప్పాను. మా ఆయన మొహం కొంచెం తేటపడింది. ఏడుపు తర్వాత, బియ్యం కడుగుతున్నప్పుడు వచ్చింది.

శనివారమంతా తిరిగినా మెరూన్ స్వెట్టర్ దొరకలేదు. స్వెట్టర్ లేకుండా వెళ్తే గంటలో గొంతు పోతుంది. వేరే రంగుది వేసుకుంటే మేడమ్ వెనక్కి పంపిస్తుంది. ఆదివారం ఉదయం నర్సక్క డ్యూటీకి వెళ్ళే ముందు నన్ను మంచం మీద కూర్చోబెట్టింది.

"చేతులు వెనక్కి పెట్టు. ఊపిరి బిగబట్టు. కదలకు."

"పట్టదక్కా."

"మూడు రోజుల పసిబిడ్డకి సూది గుచ్చే దాన్ని నేను. నీకు చెయ్యి తొడగలేనా."

తొడిగింది. చేతులు మోచేతులకు కాస్త కిందికి వచ్చి ఆగాయి. వెనకభాగం పక్కటెముకల దాకా వచ్చింది. ముందు అలలు రెండూ గట్టిపడి, కోటు కాలర్లలా చెరో పక్కకి తిరిగి నిలబడ్డాయి. అద్దంలో చూసుకుంటే నాకే అనుమానం వచ్చింది. మాల్‌లో వేలాడే రెండో రకం ఇదే.

"బాగుంది కానీ ఒక మాట," అంది నర్సక్క చెప్పులు వేసుకుంటూ. "ఇది ఎక్కించడమే నాకు తెలుసు. దించడం సాయంత్రం ఆలోచిద్దాం."

ఆఫీసులో హెచ్ఆర్ మేడమ్ నన్ను చూసి ఆగిపోయింది. "ష్రగ్గా? ఏ మాల్‌లో దొరికింది? నేను నెల నుంచి ఇలాంటిదాని కోసమే వెతుకుతున్నాను."

"ఇంట్లోనే చేశాం మేడమ్."

"పొడుగుదాని కంటే ఇదే బాగుంది."

మా ఆయన మూడు నెలల పనిని గంటలో బాగుచేశారన్నమాట.

తొమ్మిదిన్నరకు నా తల మీద జాలీ దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. పైన కంప్రెసర్ పోయిందన్నారు. జులై నెల, కిటికీలు తెరుచుకోని అద్దాల ఆఫీసు. పదిన్నరకల్లా అందరూ మెట్ల దగ్గరికి, కార్లలోకి వెళ్ళిపోయారు. రిసెప్షన్ మాత్రం ఖాళీగా ఉండకూడదు కాబట్టి నేను ఉన్నాను, ఉడకబెట్టిన ఊలులో.

మేడమ్ ఫైలుతో విసురుకుంటూ వచ్చింది. "ఆ స్వెట్టర్ తీసెయ్యి. నిన్ను చూస్తుంటే నాకు ఉడుకెత్తుతోంది."

ప్రయత్నించాను. బల్ల కింద ఒక చేత్తో రెండో చేతిని లాగాను. పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటే వదలవని చదివాను గానీ, పట్టుకునేది నన్ను కూడానని రాయలేదు. "యూనిఫాం కదా మేడమ్," అన్నాను. ఆవిడ నా వైపు కొంచెం భక్తిగా చూసింది.

అప్పుడే ముదీర్ వచ్చాడు. వెంట అల్ ఐన్ నుంచి వచ్చిన పార్టీ, పెద్దాయన. అక్కడ కట్టే ఒక స్కూలుకు డక్టులన్నీ మా దగ్గర కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చాడు. గుమ్మం దాటగానే జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఇదేనా మీ చల్లదనం?"

ముదీర్ జాలీ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. అంత శ్రద్ధగా ఆయన నన్ను చూడటం ఇంటర్వ్యూ తర్వాత అదే.

"ఇప్పుడే, మీరు లిఫ్టులో ఉండగా ఆగింది," అన్నాడు. "ఆ అమ్మాయిని చూడండి, ఇంకా స్వెట్టర్ కూడా తియ్యలేదు. మా ఆఫీసులో ఊలు లేకుండా ఎవరూ కూర్చోలేరు."

పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చాడు. "నిజమేనా సిస్టర్?"

"రోజూ వేసుకునే కూర్చుంటాను సార్," అన్నాను. ఆ వేడికి గొంతు గంటలా మోగింది. ఆరు నెలల్లో ఎప్పుడూ అంత బాగా మోగలేదు.

"మరి ఆ చెమటేమిటి?"

చెమట కనురెప్పల మీదుగా కారుతోంది. ముదీర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఈ రోజు ఆమె కన్ఫర్మేషన్. అందుకని భయం."

పెద్దాయన నవ్వాడు. "పాపం, ఎందుకు భయపెడతావు? చేసెయ్యి."

"ఖలాస్," అన్నాడు ముదీర్. "చేసేశాను."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మేడమ్ ఫైలుతో నాకు కాసేపు విసిరింది.

ఆ సాయంత్రం బస్సు దిగి లైబ్రరీలోకి వెళ్ళాను. అక్కడ ఏసీ బాగానే ఉంది, స్వెట్టర్ కూడా బాగానే ఉంది. అల్లికల అర దగ్గర కూర్చుని, ముడుచుకున్న ఊలుని మళ్ళీ సాగదీయడం ఎలాగో వెతికాను. సాగదని రాసి ఉంది. ఇంటికి వెళ్ళాక మా ఆయన ఒక చెయ్యి, నర్సక్క ఒక చెయ్యి పట్టుకుని లాగారు. నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ కన్ఫర్మేషన్ కథ చెప్పాను. నవ్వి నవ్వి వాళ్ళ పట్టు రెండుసార్లు జారింది.

అల్ ఐన్ పార్టీ ఆర్డర్ ఇచ్చింది. ఆ సంతోషంలో ముదీర్ పాత కంప్రెసర్ తీయించి అంతకంటే పెద్దది పెట్టించాడు. వచ్చిన పార్టీలందరికీ గుమ్మంలోనే నన్ను చూపించడం మొదలుపెట్టాడు. ఊలు ఇక నా ఇష్టం కాదు, డ్యూటీ. మేడమ్ నాకు ఇంకొకటి, తనకు ఒకటి, అచ్చం అలాంటివే కావాలంది.

నైఫ్‌కు వెళ్ళి రెట్టింపు ఊలు తెచ్చాను. ఈసారి స్వెట్టర్లను మనిషికి ఒకటిన్నర రెట్లు పెద్దగా, వదులుగా అల్లాను. అల్లేసరికి మళ్ళీ వేసవి వచ్చింది. మా ఆయన వాటిని మిషన్‌లో వేసి, బటన్ మీద వేలు పెట్టి, నా వైపు తిరిగి అడిగారు.

"హాటా, కోల్డా?"

"జులై కదండీ," అన్నాను. "కోల్డే నొక్కండి."